వెనక తలుపు దగ్గర చెప్పిన పేరు

పోయిన నెల మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, చందానగర్‌ల మన పాత దుకాణం కొన్నోళ్ళు కూలగొడుతున్నరట. సూడాలనుంటె పోయి సూసిరా, నాకైతే టైం లేదు" అన్నాడు. వాడికి ఏనాడూ టైం లేదు కాబట్టి నేను నొచ్చుకోలేదు. ప్రగతి నగర్‌లో ఆటో మాట్లాడుకుని మియాపూర్ మీదుగా వెళ్ళేసరికి పదకొండయింది. మేం ఖాళీ చేశాక ఆ గదుల్లో మొదట చెప్పుల షాపు పెట్టారు, తర్వాత సెల్‌ఫోన్ల షాపు, ఆ తర్వాత జిరాక్స్ సెంటరు. ఇప్పుడు ఏదీ లేదు. ముందు భాగమంతా ఇటుకల కుప్ప. వెనక గోడ మాత్రం నిలబడి ఉంది, అందులో తలుపు లేని చట్రం ఒకటి. జేసీబీ నడిపే ఆయన పాలమూరు మనిషి. "అమ్మా, జర దూరం జరుగుండ్రి, దుమ్ము పడ్తది" అని మర్యాదగానే చెప్పాడు. జరిగాను గానీ కళ్ళు ఆ చట్రం మీదనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. చుట్టాలవి, పక్కింటివాళ్ళవి, ఎందరి తప్పులో ఏరి ఏరి రాశాను. ఆ తలుపు దగ్గర నేను చేసిన తప్పును మాత్రం ఒక్క కథలోకీ రానివ్వలేదు. 

మాది కల్లు గీసే కుటుంబం. మా తాత మోకు నడుముకు కట్టుకుని ఎక్కిన తాటిచెట్లు, ఈతచెట్లు హఫీజ్‌పేట నుంచి కొండాపూర్ దాకా ఉండేవట. ఇప్పుడక్కడ అద్దాల బిల్డింగులున్నాయి, మెడలో బిళ్ళలు వేసుకున్న పిల్లలు క్యాబ్‌ల కోసం నిలబడి ఉంటారు. చెట్లు ఒక్కటొక్కటే పోయాయి, వాటి వెనకే తాత కూడా పోయాడు. మా నాయిన మోకును అటక మీద పెట్టి, బొంబాయి రోడ్డు పక్కన వేలంలో షాపు పాడుకున్నాడు. బోర్డు మీద ఏదో వైన్స్ అని ఉండేది గానీ, దాన్ని ఎవరూ చదివేవారు కాదు. అందరికీ అది పెంటన్న దుకాణం. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ కార్మికులు, లారీ డ్రైవర్లు, సుతారి మేస్త్రీలు, స్కూలు సార్లు, అందరూ అక్కడికే వచ్చేవారు. ప్రతి మనిషి పేరూ, ఇల్లూ, పిల్లల సంఖ్యా మా నాయినకు నోటికి వచ్చు.

ముందు దుకాణం, వెనక రెండు గదుల్లో మేము, మధ్యలో గోనెపట్టా పరదా. మా ఇంటి వాసన ఇంకే ఇంట్లోనూ లేదు. అట్టపెట్టెల వాసన, సీసాల మధ్య కుక్కిన ఎండుగడ్డి వాసన, ఎప్పుడో పగిలిన సీసా ఘాటు, వీటన్నిటి మీదా అమ్మ పప్పుకు పెట్టిన ఎల్లిపాయ పోపు. నా నోటుబుక్కులకు విస్కీ డబ్బాల అట్టలు వేసేవాళ్ళు. తరగతిలో ఆడపిల్లలు అవి చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. అమ్మ వంటనూనె కూడా పెగ్గు కొలతతోనే కొలిచేది. "వంకాయకు అరవై పొయ్యి, బెండకాయకు తొంబై గావాలె" అనేది. ఆ మాట బయట అనకూడదని మాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. నాయిన మాత్రం చుక్క ముట్టలేదు. ఎవరైనా అడిగితే, "మా నాయిన తాగిండు, నేను సూసిన. సాలు" అనేవాడు. అన్నానికి కూర్చునే ముందు నిమ్మతొక్కతో చేతులు రుద్దుకునేవాడు, మోచేతుల దాకా. అందరికీ పండగైన దసరా నాడు ఆయనకు కూర్చునే తీరిక ఉండేది కాదు. గాంధీ జయంతి ఒక్కటే మా పండగ. ఆ రోజు షాపు బందు. పొద్దున్నే తలంటు, బస్సెక్కి ఊళ్ళోకి పోవడం, జూలో పులుల ముందు పులిహోర తినడం. నాయిన నవ్వగా చూసిన రోజులు లెక్కేస్తే అన్నీ ఆ తారీఖువే.

ఇప్పుడు చెప్పబోయేది మా దుకాణంలో తప్ప ఇంకెక్కడా నేను వినలేదు. పొద్దున షాపు తెరవకముందు వెనక తలుపు దగ్గరికి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. "అక్కా" అని మెల్లగా పిలిచేవాళ్ళు. అమ్మ మంచినీళ్ళో చాయో ఇచ్చేది. వచ్చిన మనిషి అది తాగి, చివరికి తన మగని పేరు చెప్పేది. ఆ రోజుల్లో ఏ ఆడదీ మొగుడి పేరు నోటితో పలికేది కాదు. "మా పెద్దోని నాయిన" అని కొందరు తప్పించుకోవాలని చూసేవారు. అమ్మ ఒప్పుకునేది కాదు. "పేరు జెప్పాలె పిల్లా. పేరు జెప్తెనే మా ఆయన ఇంటడు" అనేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేలచూపులు చూస్తూ చెప్పేవాళ్ళు. కొందరు చెప్పాక ఏడ్చేవాళ్ళు. నాయిన సద్ది తినేటప్పుడు అమ్మ ఆ పేరు ఆయన చెవిన వేసేది. ఆయన తల ఊపేవాడు, అంతే. ఆ సాయంత్రం నుంచి ఆ మనిషి వచ్చి నిలబడితే, "స్టాకు లేదు" అనేవాడు. వెనక అరల నిండా సీసాలు మెరుస్తూనే ఉండేవి. ఆ మనిషికి తెలిసేది, వరసలో ఉన్నవాళ్ళందరికీ తెలిసేది. కొందరు బూతులు తిట్టేవాళ్ళు, కొందరు తల దించుకుని వెళ్ళేవాళ్ళు. ఇంకో షాపు కావాలంటే లింగంపల్లి దాకా నడవాలి. "ఆడిదాక నడిచేసరికి సగం మనసు ఇరుగుతది" అనేవాడు నాయిన. ఆ పేరు చెప్పిన ఆడమనిషే మళ్ళీ వచ్చి సరేనంటే తప్ప ఆ మాట మారేది కాదు. మిగతా షాపులవాళ్ళు మా నాయినను పిచ్చోడని నవ్వుకునేవారు. నేను మాత్రం పరదా వెనక నిలబడి ఆ "స్టాకు లేదు" విన్నప్పుడల్లా, అది ఎవరికి పడిందోనని తొంగి చూసేదాన్ని. అవతలి మనిషి ముఖంలో రక్తం లేకుండా పోవడం చాలాసార్లు చూశాను.

మా స్కూల్లో తెలుగు చెప్పే విఠల్ సారు కూడా దుకాణానికి వచ్చేవారు. స్కూలు వదిలాక, చేతిసంచీలో దిద్దాల్సిన నోటుబుక్కులతో వచ్చి, క్వార్టర్ సీసాను పేపర్లో చుట్టించుకుని ఆ పుస్తకాల మధ్యలో దోపుకునేవారు. నేను ఎనిమిదిలో ఉండగా 'మా ఇల్లు' అని వ్యాసం రాయమన్నారు. నేను వంటగది, పెరడు, మల్లెచెట్టు రాసి దుకాణాన్ని మింగేశాను. ఎర్ర సిరాతో కింద, "ఇంటి ముందు భాగం ఏమైంది?" అని రాసిచ్చారు. ఆ రాత చూసి రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు మళ్ళీ రాశాను, గడ్డి వాసన, పెగ్గు కొలత, నిమ్మతొక్క, అన్నీ. దాన్ని ఆయన తరగతి ముందు నిలబడి చదివారు. పెగ్గు కొలత దగ్గర అందరూ నవ్వారు గానీ ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఆ తర్వాత నా పుస్తకాలు చూసి ఎవరూ ముక్కు మూసుకోలేదు. నాకు మనిషిగా ఒక చోటు ఇచ్చింది ఆ సారే. ఆయన ఎదురైతే నాకు ఒళ్ళంతా భయమూ సంతోషమూ కలిసి వచ్చేవి.

తొమ్మిదిలోకి వచ్చిన ఏడు, ఆషాఢంలో అమ్మ బోనాలకని పుట్టింటికి వెళ్ళింది. నాయిన నీళ్ళు పోసుకుంటున్నాడు. వెనక తలుపు దగ్గర "అక్కా" అని వినిపిస్తే వెళ్ళాను. సారు భార్య రాజమణి. నన్ను చూసి వెనక్కి తగ్గింది.

"అమ్మ లేదా బిడ్డా?"

"లేదత్తా. రేపొస్తది."

ఆమె పోదామని రెండడుగులు వేసి మళ్ళీ వచ్చింది. "రేపటిదాక ఆగేటట్టు లేదు. నువ్వన్న చెప్పు మీ నాయినకు. లివరు కరాబైందట. ఇగ ఒక్క సుక్క వడ్డా మనిషి దక్కడని దవాఖానల పెద్ద డాక్టర్ చెప్పిండు" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "విఠల్" అంది. సారు అనలేదు, ఉత్త పేరే. నేను తల ఊపాను. "మర్సిపోకు బిడ్డా" అని నా గడ్డం పట్టుకుని వెళ్ళిపోయింది.

మరచిపోలేదు. అది చెప్పుకుంటే ఎంతో కొంత తేలికగా ఉండేది. నాయిన సద్దికి కూర్చున్నాడు, నేనే వడ్డించాను, పేరు నాలుక చివర ఉంది. అప్పుడు నా కళ్ళకు కనబడింది ఒకటే. సారు సంచీ పట్టుకుని దుకాణం ముందు నిలబడి ఉంటారు, వెనక లారీ డ్రైవర్లు, మేస్త్రీలు, మా తరగతి పిల్లల నాయినలు ఉంటారు, నాయిన ఆయనతో "స్టాకు లేదు" అంటాడు. రేపు ఆయన తరగతిలోకి వస్తారు, ఆ పేరు నాయిన చెవిన వేసింది నేనేనని ఆయనకు తెలిసి ఉంటుంది. ఇక నా వ్యాసం చదవరు. వచ్చిన ఆడవాళ్ళందరూ "సచ్చిపోతడు" అనే అనేవాళ్ళు, ఎవరూ చచ్చిపోలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నాయిన చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి ఊరుకున్నాను. మర్నాడు అమ్మ వచ్చింది, ఆమెకూ చెప్పలేదు. పన్నెండు సాయంత్రాలు సారు వచ్చారు. పన్నెండుసార్లూ నాయిన పేపర్లో చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు, సార్లంటే ఆయనకు అంత గౌరవం. ఒకరోజు పరదా సందులో నన్ను చూసి సారు, "ఏమ్మా, కొత్తగా ఏమైనా రాస్తున్నావా?" అని అడిగారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. రాస్తున్నాను సార్ అన్నాను. ఆయన మర్యాద కాపాడానని ఆ రోజు లోలోపల పొంగిపోయాను కూడా. ఆ పొంగే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

పదమూడో రోజు ఆయన స్కూలుకు రాలేదు. ఆ మర్నాడు రెండో పీరియడ్ మధ్యలో గంట కొట్టి అందరినీ వెళ్ళమన్నారు. సెలవని పిల్లలు కేకలు వేస్తుంటే హెడ్మాస్టరు వచ్చి ఎందుకో చెప్పారు.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం రాజమణి వచ్చింది. వెనక తలుపుకు కాదు, దుకాణం ముందుకు. అక్కడ ఒక ఆడమనిషి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. నలుగురైదుగురు మగవాళ్ళు పక్కకు జరిగారు.

"పెంటన్నా, వచ్చి చెప్పిపోయినంక గూడ ఎట్ల ఇచ్చినవే?" అంది. అరవలేదు.

నాయిన లేచి నిలబడ్డాడు. "ఎవ్వలకు చెప్పినవు సెల్లె? నాకైతే ఎవ్వలు చెప్పలే."

"నీ బిడ్డకు చెప్పిన. నోరు దెరిసి మొగని పేరు చెప్పిన."

నాయిన పరదా తీసి నన్ను బయటికి పిలిచాడు. "రాజమణత్త నీకేమన్న చెప్పిందా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. అమ్మ వెనకనుంచి చూస్తోంది, మగవాళ్ళు చూస్తున్నారు, ఆమె చూస్తోంది.

"లేదు నాయినా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒక్కసారి చూసి ఆమె వైపు తిరిగాడు. "నా బిడ్డ అబద్ధం చెప్పదు సెల్లె. దుఃఖంల నీకు యాది లేదు" అన్నాడు, ఎంతో మెత్తగా.

"పిల్లతోని గూడ అబద్ధం చెప్పిపిస్తున్నవా అన్నా" అంది ఆమె. వంగి రోడ్డు పక్క దుమ్ము దోసిట్లోకి ఎత్తి మా గడప మీద పోసింది. దుమ్మెత్తి పోయడమంటే మాటలతో తిట్టడమేనని అంతవరకూ అనుకునేదాన్ని.

ఆ తర్వాత వెనక తలుపుకు ఒక్క ఆడమనిషి రాలేదు. అమ్మ కొన్నాళ్ళు అలవాటు కొద్దీ చాయ నీళ్ళు ఎక్కువ పెట్టేది, తర్వాత మానేసింది. పేరు చెప్పినా అమ్ముతాడని, అడిగితే పిల్లను అడ్డం పెడతాడని బస్తీ అంతా పాకింది. నాయిన ఎవరి దగ్గరా సంజాయిషీ ఇచ్చుకోలేదు. అడిగినవాడికల్లా అమ్మాడు. తూలుతూ వచ్చినవాడికీ అమ్మాడు. "స్టాకు లేదు" అన్న మాటే ఆయన నోట మళ్ళీ వినలేదు. గాంధీ జయంతికి మేం జూకు వెళ్ళడం కూడా ఆగిపోయింది. వేలాలు పోయి లాటరీ డ్రాలు వచ్చాక ఒక ఏడు ఆయన చీటీ రాలేదు, షాపు పోయింది. ఆయనకు అది పెద్ద బాధ కాలేదు, పోవాల్సింది ఎప్పుడో పోయింది కదా. ఆరేళ్ళ కింద దవాఖానలో ఆఖరి వారం, ఒక పొద్దున నేను చెమ్చాతో జావ తాగిస్తుంటే నోరు తుడుచుకుని, "ఆమె నిజంగ రాలేదు గద బిడ్డా?" అని అడిగాడు. ఎవరని నేను అడగలేదు. అన్నేళ్ళూ ఆ ప్రశ్న లోపల పెట్టుకుని నాతో అన్నం తిన్నాడు, నా పెళ్ళి చేశాడు, నా పుస్తకాలు అందరికీ పంచాడు. అప్పుడైనా చెప్పవలసింది. "రాలేదు నాయినా" అన్నాను. పోయే మనిషి ప్రశాంతంగా పోవాలని అన్నానని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. భయంతోనే అన్నాను, పద్నాలుగేళ్ళప్పటి భయంతోనే.

ఇప్పటి షాపులు నేనూ చూస్తున్నాను. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో బట్టల షోరూముల్లాగా ఏసీలు పెట్టుకున్నాయి. బుట్ట పట్టుకుని కావలసింది వేసుకోవడమే, మిషను బీప్ అంటుంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. లైసెన్సు ఎవరి చీటీ వస్తే వాళ్ళది, ఆ మనిషి ఏ ఊళ్ళో ఉంటాడో కౌంటరు దగ్గరివాళ్ళకే తెలియదు. మా అపార్ట్‌మెంట్‌లో కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది, ఆమే, భర్తా ఇద్దరూ సాఫ్ట్‌వేర్. ఒకరోజు లిఫ్టులో ఫోన్ చూసుకుంటూ కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందమ్మా అంటే ఫోన్‌లో మ్యాపు నాకు చూపింది. "ఇంగో ఆంటీ, ఆయప్ప యాడ ఉండాడో చూపిస్తాది. మళ్ళా ఆ షాపు కాడనే ఉండాడు. తెలిసి ఏం జేసేది? ఎవురికి చెప్పుకోవాల?" అంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఒకప్పుడు చెప్పుకోవడానికి ఒక చోటు ఉండేదని, దాన్ని చెడగొట్టింది నేనేనని ఆ పిల్లతో ఎట్లా అనను. నాలుగో అంతస్తులో ఆమె దిగిపోయింది.

దుకాణం కూలగొట్టిన నాలుగు రోజులకు రాజమణి దగ్గరికి వెళ్ళాను. ఆమె ఎక్కడుందో నాకు ఎప్పుడూ తెలుసు. సారు పోయాక ఆ స్కూల్లోనే ఆయాగా పెట్టుకున్నారు, అక్కడే రిటైరైంది. మార్కెట్ వెనక గల్లీలో ఒక గది. కూరగాయలకు చందానగర్ వెళ్ళినప్పుడల్లా ఆ గల్లీ తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటి ఉంటాయి.

"ఎవలు?" అంది కళ్ళు చికిలించి.

"పెంటన్న బిడ్డను అత్తా. స్వరూపను."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను, మజ్జిగ గ్లాసు దగ్గర్నుంచి దవాఖాన దాకా. ఆమె చేతులు ఎక్కడో మధ్యలో ఆగిపోయాయి.

"మీ నాయినకు నువ్వు చెప్పనే లేదా?"

"చెప్పలే."

"ఆయనకెరుకనే లేదా?"

"సచ్చేదాక ఎరుక లేదు."

నన్ను తిడుతుందనుకున్నాను, నిజానికి తిట్టించుకోవాలనే వెళ్ళాను. చెంప మీద కొట్టినా నిలబడేదాన్ని. ఆమె ఒళ్ళో చాట తీసి కింద పెట్టింది.

"మీ నాయిన సచ్చినప్పుడు డప్పు ఈ గల్లీ మీదికెళ్ళే పోయింది. నేను తలుపేసుకున్న" అంది. "నలబై ఏండ్ల సంది పొద్దుగాల లేసి, ఆయన పేరు దీసి తిట్టుకుంట పొయ్యి ముట్టిచ్చిన. గా కోపంతోనే ఇద్దరు పిల్లల సాదిన. గిప్పుడొచ్చి ఆయనది తప్పు లేదంటవు. పద్నాలుగేండ్ల పోరిని నేనేమని తిట్టాలె? తిట్టుకోనీకె ఒక మనిషన్న ఉండె నాకు. అది గూడ తీస్కపోతివి. ఇగ పో."

వచ్చేశాను. మెయిన్ రోడ్డు మీద ఆటోలు పిలుస్తున్నా ఎక్కకుండా చాలా దూరం నడిచాను. చందానగర్‌లో మా నాయిన పేరు రోజూ తలుచుకునే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. నేను వెళ్ళి అది కూడా మాన్పించి వచ్చాను.